గుండెకు దారి... గాజుల చేతి నుంచే!

"ఆపరేషనయ్యాక రోజంతా కాలు కదపకూడదట కదా! ఇంట్లో వాళ్లకి వండిపెట్టేదెవరు?" యాంజియోప్లాస్టీ అనగానే చాలామంది ఇల్లాళ్లకు ముందొచ్చే బెంగ ఇదే. ఒకప్పుడు ఆ బెంగలో నిజముంది. తొడ దగ్గరి ధమనిలోంచి గొట్టం పంపాక, కాలు మడవకుండా గంటల తరబడి వెల్లకిలా పడుకోవలసి వచ్చేది.

ఇప్పుడు చాలాచోట్ల ఆ దారి మారింది. డాక్టరు నాడి చూసే చోటుందే, ఆ మణికట్టు ధమనిలోంచే సన్నని గొట్టాన్ని గుండె దాకా పంపుతున్నారు. కాసేపటికే లేచి కూర్చోవచ్చు.

ఎప్పట్నుంచి?

1977లో జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ తొలిసారి గుండె రక్తనాళాన్ని బెలూన్‌తో వెడల్పు చేశారు. 1989లో కెనడా డాక్టరు లూసియన్ కాంపో మణికట్టు నుంచి యాంజియోగ్రామ్ తీయవచ్చని చూపారు. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫెర్డినాండ్ కీమెనై అదే దారిన యాంజియోప్లాస్టీ చేశారు.

ఈ ధమని లావు రెండు, మూడు మిల్లీమీటర్లే! అందుకే మొదట్లో తేలికపాటి పూడికలకే పనికొస్తుందనుకున్నారు. పరికరాలు సన్నబడ్డాక, సున్నంలా గట్టిపడ్డ పూడికను అరగదీయడం, నాళం రెండుగా చీలే చోట స్టెంట్లు అమర్చడం లాంటి కష్టమైన పనులూ చేతి దారినే చేస్తున్నారు.

మనకేం లాభం?

తొడ దారిన చేస్తే రక్తస్రావం బాధ ఆడవాళ్లకే ఎక్కువ. మణికట్టులో ధమని పైపైనే ఉంటుంది కనుక పట్టీ వేసి నొక్కితే రక్తం ఆగుతుంది. అయితే మన నాళాలు సన్నం, ఒక్కోసారి బిగుసుకుపోతాయి. మందులిచ్చి సడలిస్తారు. అప్పటికీ వీలుకాకపోతే తొడ దారినే వెళ్తారు. అందుకు భయపడక్కర్లేదు.

గుర్తుంచుకోండి

* ఆసుపత్రికి వెళ్లేముందే గాజులు, ఉంగరాలు తీసి ఇంట్లో దాచండి.

* ఇంటికొచ్చాక కొద్దిరోజులు ఆ చేత్తో బిందె ఎత్తడం, బట్టలు పిండడం, చపాతీ పిండి పిసకడం వద్దు. ఎన్నాళ్లో డాక్టర్నే అడగండి.

* గాయం నుంచి రక్తం కారితే వేలితో గట్టిగా నొక్కిపట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చెయ్యి వాచినా, చల్లబడి తిమ్మిరెక్కినా అంతే.

* "బాగానే ఉన్నానుగా" అని మాత్రలు మానేయకండి. స్టెంట్‌లో రక్తం గడ్డకడితే ప్రాణానికే ముప్పు.

దారి ఎంత సుళువైనా వేళకు వెళితేనే ఫలితం. ఆడవాళ్లకు గుండెపోటు ఒక్కోసారి ఛాతీనొప్పి లేకుండానే వస్తుంది. దవడ లాగడం, వీపు నొప్పి, ఆయాసం, వికారం, చెమటలు, ఎన్నడూ లేని నీరసం... "గ్యాసేలే" అని ఇంత వాము నమిలి, "అందరి భోజనాలూ అయ్యాక చూద్దాం" అనకండి. పొయ్యి ఆర్పేసి, ముందు ఆసుపత్రికి బయల్దేరండి. అన్నం ఇవాళ కాకపోతే రేపైనా వండుకోవచ్చు!