గెలుపును మించిన గౌరవం

సైకిలు సామాన్యుని వాహనం. ఆ వాహనమే సాధనంగా మానవుని దేహబలాన్నీ, మనోధైర్యాన్నీ, నిజాయితీనీ ఏకకాలంలో పరీక్షించే పందెం 'టూర్ ద ఫ్రాన్స్'. 'ఫ్రాన్సు దేశ పర్యటన' అని ఈ పేరుకు అర్థం.

ఈ పందెం ఒక పత్రిక అవసరం నుంచి పుట్టింది. పారిస్ నగరంలో వెలువడే 'లోటో' అనే క్రీడాపత్రిక ఆదరణ చాలక ఇబ్బందులు పడుతున్న కాలమది. దేశాన్ని చుట్టివచ్చే సైకిలు పందెం జరిపితే పాఠకులు పెరుగుతారని జియో లెఫెవ్ర్ అనే యువ విలేకరి సూచించాడు. సంపాదకుడు ఆన్రీ డెగ్రాంజ్ ఆ ఆలోచనకు రూపమిచ్చాడు. 1903 జూలై 1న 60 మంది బయలుదేరారు. ఆరు దశలలో 2,428 కిలోమీటర్లు సాగిన ఆ పందెంలో గమ్యం చేరినవారు 21 మంది మాత్రమే. పొగగొట్టాలు శుభ్రపరిచే వృత్తి నుంచి వచ్చిన మోరిస్ గారాన్ తొలి విజేతగా నిలిచాడు.

నేడు ఈ పందెం సాధారణంగా 21 దశలలో, మూడు వారాలపాటు సాగుతుంది. అన్ని దశలకూ పట్టిన కాలాన్ని కూడగా ఎవరి మొత్తం తక్కువో వారే విజేత. కనుక ఒక్క దశలోనూ ప్రథముడు కాకుండానే పందెం గెలవవచ్చు. ఒక్కనాటి ప్రమాదంతో అంతా కోల్పోనూవచ్చు.

కీర్తి వెంటనే ప్రలోభమూ వచ్చింది. 1904లో రైళ్లనూ, మోటారు వాహనాలనూ ఆశ్రయించడం వంటి అక్రమాలు జరిగాయన్న ఆరోపణలు వెల్లువెత్తాయి. విచారణానంతరం గారాన్‌తో సహా మొదటి నలుగురినీ అనర్హులుగా ప్రకటించారు. అయిదవ స్థానంలో ఉన్న పందొమ్మిదేళ్ల ఆన్రీ కోర్నెకు విజయం దక్కింది.

ఇందుకు భిన్నమైనది యూజీన్ క్రిస్టోఫ్ చరిత్ర. 1913లో పిరెనీస్ పర్వతాలలోని టూర్మలే కనుమ దిగుతుండగా అతని సైకిలు ముందు ఫోర్కు విరిగిపోయింది. పరుల సహాయం పొందరాదన్నది నాటి నియమం. అతడు సైకిలును భుజాన వేసుకొని పది కిలోమీటర్లకు పైగా నడిచి, సెంట్ మారీ ద కాంపాన్ గ్రామంలోని కమ్మరి కొలిమికి చేరాడు. అధికారులు చూస్తుండగా ఇనుమును కాల్చి, సాగగొట్టి, ఫోర్కును తానే అతికాడు. రెండు చేతులూ పనిలో ఉండడంతో ఒక బాలుడు కొలిమితిత్తి ఊదాడు. ఆ స్వల్ప సహాయానికే అధికారులు అతనికి కాలదండన విధించారు! గంటల తరబడి కాలం నష్టపోయినా క్రిస్టోఫ్ పందెం విడువలేదు. ఏడవవాడుగా పారిస్ చేరాడు.

1919లో, అగ్రస్థానంలో ఉన్నవానిని ప్రేక్షకులు గుర్తించేందుకు పసుపుపచ్చ జెర్సీని ప్రవేశపెట్టారు. 'లోటో' పత్రిక అచ్చయ్యే కాగితం రంగు కూడా అదే. దానిని తొలిసారి ధరించే భాగ్యం క్రిస్టోఫ్‌కే లభించింది. ఆ ఏడూ అతని ఫోర్కు విరిగింది, విజయం చేజారింది. అతడు ఏనాడూ టూర్ గెలవలేదు.

అమెరికా దేశీయుడైన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుంచి 2005 వరకు వరుసగా ఏడుసార్లు ప్రథముడుగా నిలిచాడు. నిషిద్ధ ఉత్ప్రేరకాలు వాడినట్లు తేలడంతో 2012లో ఆ విజయాలన్నిటినీ రద్దు చేశారు. వాటికి మరెవరినీ విజేతగా ప్రకటించలేదు. విజేతల పట్టికలో ఆ ఏడు స్థానాలూ నేటికీ ఖాళీగానే ఉన్నాయి.

ఆ పట్టికలో క్రిస్టోఫ్ పేరు కూడా లేదు. అయినా కాంపాన్ గ్రామంలో అతని స్మారకఫలకం నిలిచి ఉంది. నియమాన్ని పాటించి ఓడినవానిని జనం తలచుకొంటూనే ఉన్నారు. నియమాన్ని మీరి గెలిచినవాని గెలుపు మాత్రం నిలువలేదు.