‘బాగున్నది’ అన్నంతనే చాలునా?

కథ యేదైనను దాని ఆస్వాదనము రెండు దశలలో జరుగును. చూచునప్పుడో, వినునప్పుడో మనస్సున కలుగు స్పందన మొదటిది. ఆ స్పందనను మరియొకరితో చెప్పి, వారు కాదనినప్పుడు దానిని మరల తూచి చూచుకొనుట రెండవది. రాత్రంతయు నాటకము చూచి తెల్లవారుజామున ఊరికి నడచివచ్చుచు నటుని పద్యపఠనమును గూర్చి పెట్టుకొనిన తగవులు, హరికథ ముగిసిన పిమ్మట అరుగులమీద సాగిన చర్చలు, వారపత్రికలో నవల చదివి రాబోవు సంచికలో ఏమి జరుగునో యని చేసిన ఊహాగానములు, ఇవన్నియు రెండవ దశకు చెందినవే. తెలుగువారి రసజ్ఞత చాలవరకు ఇట్టి సంభాషణలలోనే పదునెక్కినది.

నేడు ధారావాహిక కథ పత్రిక నుండి టెలివిజనునకు, టెలివిజను నుండి చేతిలోని సెల్‌ఫోనునకు చేరినది. కథలకు కొరత లేదు. చూచువారికిని కొరత లేదు. చూచినదానిని గూర్చి నలుగురితో చెప్పుకొనుట మాత్రము సన్నగిల్లుచున్నది. ప్రేక్షకుల అభిరుచి తగ్గుట దీనికి కారణము కాదు. కథ వారికి చేరు పద్ధతి మారుటయే కారణము.

1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ ‘రామాయణ్’ ప్రారంభమైనది. 1988 అక్టోబరు 2న బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ మొదలైనది. ఆదివారము ఉదయము టెలివిజను ఉన్న ఇంటికి ఇరుగుపొరుగులు చేరి, క్రింద చాపలు పరచుకొని కూర్చుండి చూచెడివారు. సోమవారము నాడు బడిలో అందరును ఒకే భాగమును చూచినవారు. తరువాతి భాగమును చూచినవాడు ఒక్కడును లేడు. కథ తెలిసినదే యైనను, దానిని ఎట్లు చూపుదురో ఎవరికిని తెలియదు. చిన్నపిల్లవాడును, ప్రధానోపాధ్యాయుడును ఆ విషయమున సమానులే. ఆ సమానత్వమే సంభాషణకు పునాది.

అంతర్జాల ప్రసారములు ఆ పునాదిని కదలించినవి. నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2007లో ఈ పద్ధతిని చేపట్టినది. 2013 ఫిబ్రవరి 1న ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ అను ధారావాహిక తొలి 13 భాగములను ఒకే దినమున ప్రేక్షకుల ముందుంచినది. 2016 జనవరిలో ఆ సంస్థ భారతదేశమున అడుగుపెట్టగా, 2020లో తెలుగు కథలకే ప్రత్యేకించిన ‘ఆహా’ వచ్చినది. ఈ మార్పు వలన మేలు లేకపోలేదు. పగలంతయు పనిలో నున్నవారు తమకు తీరికయైన వేళ చూడగలుగుచున్నారు. అర్థము కాని ఘట్టమును వెనుకకు త్రిప్పి మరల చూడవచ్చును. పల్లెటూరి విద్యార్థి కొరియా దేశపు కథను తెరపై అక్షరములు చదువుకొనుచు గ్రహింపగలడు.

అయితే ఉపాధ్యాయుల గదిలో ఒకరు కథను ఒక్క రాత్రిలో ముగించి వత్తురు. వేరొకరు మూడవ భాగమున నుందురు. ఇంకొకరు మొదలే పెట్టియుండరు. ముగించినవాడు నోరు విప్పబోగా మిగిలినవారు ‘కథ చెప్పవద్దు’ అని చేయి అడ్డము పెట్టుదురు. తుదకు మిగులునది ఒక్క మాట: ‘బాగున్నది, చూడుడు.’ అది సిఫారసు మాత్రమే. ఎందుకు బాగున్నదో, ఎక్కడ బాగులేదో చెప్పినప్పుడు గదా అది అభిప్రాయమగుట!

మనుష్యులు ఒకరినొకరు అడుగని ప్రశ్నను యంత్రము మాత్రము ప్రతిదినము అడుగుచున్నది. ప్రేక్షకుని అభిప్రాయము వ్యాపారమునకు ఎంత విలువైనదో తెలిసికొనుటకు ఒక్క ఉదాహరణము చాలును. ఏ ప్రేక్షకుడు ఏ చిత్రమునకు ఎన్ని నక్షత్రములు వేయునో ముందుగా ఊహించు తన పద్ధతిని నూటికి పదిపాళ్లు మెరుగుపరచినవారికి పదిలక్షల డాలర్లు బహుమతి నిత్తునని నెట్‌ఫ్లిక్స్ 2006లో ప్రకటించినది, 2009లో ఇచ్చినది. ఒకటి నుండి అయిదు వరకు వేయు ఆ నక్షత్రములను సైతము 2017లో తొలగించి, బొటనవ్రేలు పైకో క్రిందికో చూపు గుర్తులను ప్రవేశపెట్టినది. 2020 ఆరంభమున ఆ సంస్థ చెప్పిన లెక్క మరింత విచిత్రము: రెండు నిమిషములు చూచినచో ఆ కథను ఎంచుకొని చూచినట్లే! విసుగుపుట్టి మూడవ నిమిషమున ఆపివేసినవాడును ఆ లెక్కలో ప్రేక్షకుడే. తరువాత చూచిన గంటలను లెక్కించిరి. 2023 నుండి ఆ గంటలను కథ నిడివిచే భాగించి చెప్పుచున్నారు.

ఇందు యంత్రము దోషమేమియు లేదు. తరువాత ఏ కథను చూపవలయునో నిర్ణయించుకొనుటకు దానికి అవునో కాదో తెలిసిన చాలును. హేతువుతో పని లేదు. ఆ యంత్రభాషకు అలవాటుపడి మనుష్యులును ఒకరితోనొకరు బొటనవ్రేళ్లతోనే మాటలాడుకొనుట మొదలిడినచో అది ఆలోచింపదగిన విషయము. పరీక్షలో జవాబు మాత్రము వ్రాసి, లెక్క చేసిన విధమును చూపని విద్యార్థికి ఏ ఉపాధ్యాయుడు పూర్తి మార్కులు వేయును?

ఉపాధ్యాయులకును, విద్యార్థులకును సన్నిహితమైన ఒక కథనే తీసికొందురు గాక. 2024 జనవరిలో ‘ఈటీవీ విన్’లో ‘90స్: ఏ మిడిల్ క్లాస్ బయోపిక్’ అను ఆరు భాగముల ధారావాహిక వచ్చినది. ఆదిత్య హాసన్ దర్శకుడు. శివాజీ ధరించిన ముఖ్యపాత్ర ప్రభుత్వ పాఠశాలలో గణితము బోధించు ఉపాధ్యాయుడు. భార్య, ముగ్గురు బిడ్డలు. రూపాయి రూపాయి లెక్కించుకొని సాగు సంసారము. దీనిని చూచి ‘మా ఇల్లే గుర్తునకు వచ్చినది’ అని ఊరకుండుట సులభము. అసలు చర్చ దాని తరువాత మొదలుకావలెను. ఆ తండ్రి పొదుపు వెనుక నున్నది ప్రేమయా, భయమా? సర్కారు బడిలో పాఠములు చెప్పువాడు తన బిడ్డలను ప్రైవేటు బడికి పంపుటను కథ సహజమని చూపుచున్నదా, ప్రశ్నించుచున్నదా? మార్కులనుబట్టి బిడ్డ విలువ కట్టు ఇంటిలో వెనుకబడినవానికి హాస్యము ఒక ఆశ్రయమగుచున్నదా?

ఈ ప్రశ్నలకు ఉపాధ్యాయుడు తండ్రి పక్షమునుండి, విద్యార్థి కొడుకు పక్షమునుండి సమాధానము చెప్పుట సహజము. 1990లలో చదువుకొనినవారికి ఆ కథ జ్ఞాపకము. 2010 తరువాత పుట్టినవారికి అది చరిత్ర. జ్ఞాపకము తీపిని మిగిల్చి చేదును మరచునేమో యని చిన్నవారు పెద్దలను అడుగవచ్చును. తండ్రి కోపము వెనుక దాగిన నెలాఖరు చింతను పెద్దలు చిన్నవారికి చూపవచ్చును. ఇంటిలోను బడిలోను సూటిగా అడుగలేని మాటలను కథ మిషతో అడుగుటకు వీలు కలుగును. ఒక్క ‘బాగున్నది’తో ఆ తలుపు మూసికొనిపోవును.

అభిప్రాయము చెప్పుటకును ఒక మర్యాద కలదు. తాను ఎంతవరకు చూచెనో మొదటనే చెప్పవలెను. రెండు భాగములు చూచి మొత్తము కథపై తీర్పు చెప్పుట తగదు. ప్రతి మాటకు ఒక ఘట్టమును ఆధారముగా చూపవలెను. ముగింపును దాచవచ్చును గాని ఆలోచనను దాచ నక్కరలేదు. ఏమి జరిగినదో చెప్పకయే, జరిగినదానిని ఎట్లు చెప్పిరో, ఏ పాత్ర మాట సహజముగా నున్నదో, ఎక్కడ సంగీతము కన్నీటిని బలవంతముగా రప్పింపజూచినదో చర్చింపవచ్చును. ఎదుటివాని మాటలో న్యాయము కనబడినప్పుడు తన మాటను సవరించుకొనుట ఓటమి కాదు.

వీటన్నిటికి వ్యవధి కావలెను. 2019లో డిస్నీ సంస్థ తన అంతర్జాల ప్రసారములను ప్రారంభించినప్పుడు ‘ది మాండలోరియన్’ను వారమునకొక భాగము చొప్పున విడుదల చేసి పాత పద్ధతినే అనుసరించినది. సంస్థలు ఆ వ్యవధి నీయనిచోట ప్రేక్షకులే దానిని కల్పించుకొనవచ్చును. నలుగురు మిత్రులు కూడి వారమునకు ఒక్క భాగమే చూతుమని మాట అనుకొనినచో సోమవారపు సంభాషణ మరల ప్రాణము పోసికొనును. ఒక్కొక్క భాగము చూచిన పిమ్మట విద్యార్థిచేత పది వాక్యములు వ్రాయించి, కడపట అన్నిటిని వరుసగా చదివించినచో తన అభిప్రాయము ఎక్కడ, ఎందుకు మారెనో అతనికే తెలియవచ్చును. వ్యాసరచనకు ఇంతకంటె మంచి అభ్యాసము అరుదు.

అభినవగుప్తుడు ‘లోచన’ వ్యాఖ్య ఆరంభమున కవిని, సహృదయుని జతకూర్చి ఆ రెంటిని సరస్వతీతత్త్వముగా కీర్తించెను. కథ చెప్పువానికెంత స్థానమో, దానిని హృదయముతో గ్రహించువానికిని అంత స్థానమని దాని భావము. రెండు నిమిషముల లెక్కలో చేరినంతమాత్రమున ఎవడును సహృదయుడు కాడు. చూచినదానిని మనస్సున నిలుపుకొని, హేతువుతో చెప్పి, ఎదుటివాని మాటకు చెవి యొగ్గినప్పుడే ఆ స్థానమునకు అర్హత కలుగును. ఆ అర్హతను పిల్లలకు అలవరచుటకు ఖరీదైన సాధనములు అక్కరలేదు. ‘ఏమి చూచితివి?’ అని అడిగిన పిమ్మట ‘ఎందుకు నచ్చినది?’ అని మరియొక ప్రశ్న వేసి, జవాబు పూర్తియగువరకు ఓపికతో వినిన చాలును.