మానసిక వ్యథకు ప్రథమ చికిత్స: క్షేత్రస్థాయి సిబ్బంది నేర్వవలసిన మెళకువలు

పొలంలో పాము కరిచినప్పుడు కాటు పడిన అవయవాన్ని కదలనీయకుండా ఆసుపత్రికి చేర్చాలని, కాలిన గాయంపై వెంటనే చల్లని నీరు పోయాలని నేడు పల్లెలలో సైతం ఎక్కువమందికి తెలుసు. కాని పది రోజులుగా నిద్రాహారాలు మాని, గడప దాటక, అయినవారితోనూ మాట్లాడక మూలన కూర్చున్న మనిషి ఎదురైనప్పుడు ఏమి చేయవలెనో, ఏమి మాట్లాడవలెనో చదువుకున్న వారికి కూడా తెలియడం లేదు. కొందరు మందలిస్తారు, కొందరు తప్పించుకుపోతారు, మరికొందరు తాయత్తు కట్టిస్తారు. వైద్యుడు అందుబాటులోకి వచ్చేంతవరకు అటువంటి వ్యక్తికి తోడుగా నిలిచి, మాట విని, ప్రమాదాన్ని గుర్తించి, సరియైన చోటికి చేర్చడమే మానసిక ప్రథమ చికిత్స. రోగ నిర్ధారణ చేయడం గాని, మందులు సూచించడం గాని ఇందులో భాగం కాదు.

ఈ శిక్షణ ఒక క్రమబద్ధమైన పాఠ్యక్రమంగా 2000 సంవత్సరంలో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో రూపుదిద్దుకున్నది. నర్సుగా పనిచేసి, తాను స్వయంగా కుంగుబాటును అనుభవించిన బెట్టీ కిచెనర్, ఆమె భర్త, పరిశోధకుడు ఆంథొనీ జోర్మ్ దీనికి ఆద్యులు. దగ్గరకు వెళ్ళి పరిస్థితిని అంచనా వేయడం, తీర్పు చెప్పకుండా వినడం, ధైర్యాన్నీ సమాచారాన్నీ ఇవ్వడం, వైద్య సహాయానికి ప్రోత్సహించడం, కుటుంబం మొదలైన ఇతర ఆసరాలను కూడగట్టడం అనే అయిదు పనులపై ఈ శిక్షణ నడుస్తుంది. తుపానులు, వరదల వంటి విపత్తుల సందర్భానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరి రెండు స్వచ్ఛంద సంస్థలతో కలసి 2011లో వేరొక మార్గదర్శిని వెలువరించింది. దాని సారం మూడే మాటలు: చూడు, విను, కలుపు. జరిగిన ఘోరాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పమని బాధితుని ఒత్తిడి చేయరాదన్నది అందులోని ముఖ్య హెచ్చరిక. పునరావాస శిబిరాలకు వెళ్ళే అధికారులు, విలేకరులు ఇరువురూ గుర్తుంచుకోదగిన మాట ఇది.

మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే మొదలైనది. కర్ణాటకలోని బళ్ళారి జిల్లాలో జరిగిన ప్రయోగం ఆధారంగా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో ప్రారంభమైనది. అయినప్పటికీ 2015-16లో నిమ్హాన్స్ పన్నెండు రాష్ట్రాలలో నిర్వహించిన జాతీయ సర్వే ప్రకారం వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతుండగా, వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ పన్నెండింటిలో లేవు. 2022లో దేశవ్యాప్తంగా 1,70,924 మంది ఆత్మహత్యల వల్ల మరణించినట్లు జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. ఇందరికీ మానసిక వైద్యులు నేరుగా అందుబాటులోకి రావడం సమీప భవిష్యత్తులో సాధ్యం కాదు. కనుకనే ఆశా కార్యకర్త, ఉపాధ్యాయుడు, పోలీసు కానిస్టేబులు, హాస్టల్ వార్డెను వంటివారికి ఈ మెళకువలు నేర్పవలసిన ఆవశ్యకత ఏర్పడినది.

శిక్షణలో అన్నిటికంటె కష్టమైన అంశం వినడమేనని చెప్పవచ్చును. "నీకేం తక్కువ?", "మగవాడివి, ఇంత పిరికితనమా?", "పిల్లల ముఖం చూసి అయినా మరచిపో" వంటి మాటలు మంచి మనసుతో పలికినవే అయినా, విన్నవానికి అవి తన బాధకు విలువ లేదన్న అర్థాన్నే ఇస్తాయి. పైగా తెలుగు పల్లెలలో "నా మనసు బాగా లేదు" అని నేరుగా చెప్పేవారు అరుదు. తల దిమ్ముగా ఉన్నదని, గుండె దడ అని, ఒళ్ళంతా మంటలని, నరాల బలహీనత అని చెబుతారు. ఇంటింటికి తిరిగే ఆశా కార్యకర్త "అమ్మా, రాత్రిళ్ళు నిద్ర ఎట్లా పడుతున్నది? అన్నం సయిస్తున్నదా?" అని మొదలుపెడితే, అటు తరువాతి మాటలు వాటంతట అవే వస్తాయి. పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాలలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు చేపట్టిన కార్యక్రమంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ సహాయంతో కుంగుబాటు, ఆందోళనలకు సంబంధించిన ప్రశ్నలు అడిగి, అవసరమైన వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుని వద్దకు పంపారు. ఈ పని సామాన్య కార్యకర్తల వల్ల అవుతుందనడానికి అది మన నేలపైనే ఉన్న తార్కాణం.

శిక్షణకు వచ్చినవారు అందరూ తడబడే ఘట్టం మరొకటి ఉన్నది. ఎదుటి వ్యక్తిలో చనిపోవాలన్న తలంపు ఉన్నదేమోనన్న అనుమానం కలిగినప్పుడు ఆ మాట అడగవచ్చునా? అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లు కాదా? పరిశోధనలు ఈ భయానికి ఆధారం లేదని స్పష్టపరచాయి. డొంకతిరుగుడు లేకుండా "అన్నా, చచ్చిపోదామని ఏమైనా అనిపిస్తున్నదా?" అని మెల్లగా అడగడమే సరియైన పద్ధతి. చాలామందికి అది తమ గుండెలోని బరువు దించుకునేందుకు దొరికిన తొలి అవకాశం అవుతుంది. "అవును" అన్న జవాబు వస్తే ఎట్లా చేయాలనుకుంటున్నాడో, ఎప్పుడో, అందుకు కావలసిన వస్తువు దగ్గర ఉన్నదో లేదో కూడా తెలుసుకోవలెను. ఆ వ్యక్తిని ఒంటరిగా విడువరాదు. "ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టు" అంటే ఆ మాట ఇవ్వరాదు. ఇంట్లోని పురుగుమందు డబ్బాలను అప్పటికప్పుడు వేరొక చోటికి చేర్చడం చిన్న పనిగా తోచవచ్చును గాని, ప్రాణాంతకమైన తీవ్రత సాధారణంగా కొద్ది గంటలకో, ఒకటి రెండు రోజులకో తగ్గుతుంది. ఆ వ్యవధిలో చేతికి అందకపోవడమే ప్రాణం నిలుపుతుంది.

ఇప్పటికే మందు తాగి ఉంటే మాటలతో కాలయాపన చేయరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు తాగించి వాంతి చేయించడం మన ఊళ్ళలో అలవాటుగా వస్తున్నది. అది ఊపిరితిత్తులలోకి విషం చేరే ప్రమాదాన్ని పెంచుతుంది. మందు పడిన బట్టలు తీసివేసి, డబ్బాను లేదా దాని చీటీని ఆసుపత్రికి వెంట తీసుకుపోవలెను. కొన్ని మందుల ప్రభావం ఆలస్యంగా బయటపడుతుంది గనుక, మనిషి బాగానే మాట్లాడుతున్నాడని ఇంట్లోనే ఉంచడం తగదు.

ఎవరో తనపై చేతబడి చేశారని, గోడల వెనుక నుంచి తనను తిడుతున్నారని చెప్పే వ్యక్తితో వాదించి ప్రయోజనం లేదు. అట్లని "అవును, నాకూ వినబడుతున్నది" అని వంతపాడటమూ తగదు. "నీకు అట్లా వినబడుతుంటే ఎంత భయంగా ఉంటుందో" అని అతని భయాన్ని గుర్తించి, గుంపును దూరంగా పంపి, మెల్లగా మాట్లాడుతూ ఆసుపత్రికి ఒప్పించవలెను.

ప్రతి వింత ప్రవర్తనా మనోవ్యాధి కాదు. ఏళ్ళ తరబడి తాగినవాడు అకస్మాత్తుగా మానితే చేతులు వణకడం, లేని వస్తువులు కనిపించడం, మూర్ఛలు రావడం జరుగుతుంది. దానిని గాలి సోకిందని భావించి ఆలస్యం చేస్తే ప్రాణాపాయం. 2015లో కల్తీ కల్లు సరఫరా నిలిచిపోయినప్పుడు తెలంగాణలోని నిజామాబాద్, మహబూబ్‌నగర్ తదితర జిల్లాలలో వందలాది మంది ఇదే స్థితిలో ఆసుపత్రులకు చేరారు. కల్లులో కలిపిన మత్తుమందులకు అలవాటుపడిన శరీరం అవి అందక తల్లడిల్లినది. ఆబ్కారీ దాడులకు ముందే ఆరోగ్య శాఖకు సమాచారం ఇవ్వడం మేలన్నది ఆ అనుభవం నుంచి సహజంగా తేలే విషయం. అదే విధంగా ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం తీవ్ర ఆందోళన వల్ల కలగవచ్చును, గుండెపోటు వల్లనూ కలగవచ్చును. సందేహం ఉంటే గుండెపోటుగానే భావించి 108ని పిలవవలెను.

పోలీసు సిబ్బందికి చట్టం ప్రత్యేక బాధ్యత అప్పగించినది. 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 100వ సెక్షన్ ప్రకారం, మానసిక రుగ్మతతో తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న వ్యక్తిని రక్షణలోకి తీసుకుని 24 గంటలలోగా సమీప ప్రభుత్వ ఆరోగ్య సంస్థకు చేర్చవలెను; ఎట్టి పరిస్థితులలోనూ లాకప్‌లో ఉంచరాదు. 115వ సెక్షన్ ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించి శిక్షించరాదని నిర్దేశించినది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్‌కు చోటు లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణ నుంచి అడ్డుకునేందుకు చేసే యత్నం మాత్రమే అందులో నేరంగా మిగిలినది. అయినా కేసు అవుతుందన్న భయంతో పొరపాటున తాగానని ఆసుపత్రిలో చెప్పే కుటుంబాలు నేటికీ ఉన్నవి. ఈ మార్పును గ్రామస్థాయికి చేర్చవలసినది రెవెన్యూ, పోలీసు సిబ్బందే.

పాత్రికేయుల విషయానికి వస్తే, ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ఆధారంగా మార్గదర్శకాలను ఆమోదించినది. పద్ధతిని వివరించరాదు, ప్రదేశాన్ని ప్రముఖంగా చూపరాదు, సంచలనాత్మక శీర్షికలు పెట్టరాదు. తెలుగు పత్రికా భాషలో మరొక చిక్కు కూడా ఉన్నది. లంచానికి, దోపిడీకి "పాల్పడ్డాడు" అన్నట్లే ఆత్మహత్యకూ "పాల్పడ్డాడు" అని వ్రాయడం చట్టం నేరం కాదన్న దానిని భాషలో నేరంగానే నిలిపి ఉంచుతున్నది. "ఎర్రగడ్డకు పంపాలి", "చినవాల్తేరు కేసు" వంటి ఎగతాళి మాటలు శీర్షికలకు ఎక్కినప్పుడు ఆ ఆసుపత్రుల గుమ్మం ఎక్కవలసిన కుటుంబం వెనుకకు తగ్గుతుంది. ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడే వారంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఆ వార్తలతోపాటు సహాయవాణి సంఖ్యను ముద్రించడం ఖర్చులేని సేవ.

ఈ శిక్షణ వల్ల ఒనగూడే ఫలితాలను ఎక్కువ చేసి చెప్పవలసిన పని లేదు. నేర్చుకున్నవారి పరిజ్ఞానం, ధైర్యం పెరుగుతున్నాయని అనేక అధ్యయనాలు తెలిపినవి. వారి సహాయం పొందినవారి ఆరోగ్యం ఎంతవరకు మెరుగుపడినదో తేల్చడానికి ఆధారాలు చాలవని 2023లో వెలువడిన కాక్రేన్ సమీక్ష పేర్కొన్నది. ప్రథమ చికిత్స తరువాత అసలు చికిత్స లేకపోతే ఫలితం ఏమి ఉంటుంది? శిక్షణ తరగతుల సంఖ్యతోపాటు జిల్లా ఆసుపత్రిలో వైద్యుడు ఉన్నాడా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉన్నవా అన్న విషయాలను కూడా సమీక్షా సమావేశాలలో పరిశీలించవలసి ఉన్నది. రోజూ ఇతరుల కన్నీళ్ళు వినే కార్యకర్తకు తన బరువు దించుకునే చోటు ఉండవలెనన్నది సాధారణంగా మరుగున పడే అంశం. నెలకొకసారి జరిగే ఆశా సమావేశంలో అరగంట ఇందుకు కేటాయించడం ఏ బడ్జెటూ అవసరం లేని ఏర్పాటు.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, రాత్రింబవళ్ళు పనిచేస్తున్నది. తెలుగులో మాట్లాడవచ్చును. మొదట శిక్షణ పొందిన కౌన్సెలరు మాట్లాడతారు. అవసరమైతే మానసిక వైద్య నిపుణులకు అనుసంధానిస్తారు. బాధితుడే చేయవలెనన్న నియమం లేదు. పక్కన కూర్చున్న బంధువు, ఉపాధ్యాయుడు, ఆశా కార్యకర్త సైతం ఫోను చేసి, ఇప్పుడు ఏమి చేయవలెనో అడగవచ్చును.