గిరాకీ తగ్గిన రోజుల్లో చిన్న దుకాణం

2020లో రంజాన్ మాసం ఏప్రిల్ 25న మొదలైంది. అప్పటికి దేశమంతటా లాక్‌డౌన్ పెట్టి సరిగ్గా నెల. మే 25న ఈద్ వచ్చేనాటికి కూడా అది పూర్తిగా తొలగలేదు. దర్జీలు, బట్టల దుకాణదారులు, గాజులవాళ్లు, అత్తరు, టోపీలు అమ్ముకునేవాళ్లు ఏడాదంతా ఎదురుచూసేది ఆ ఒక్క నెల కోసమే. అద్దె బకాయి, పిల్లల ఫీజు, పాత అప్పు అన్నీ ఆ నెల సంపాదనతోనే తీరాలి. ఆ ఏడు ఆ నెల చేతికి రాకుండానే వెళ్లిపోయింది. అంతకుముందు ఏడాది జకాత్ లెక్కకట్టి పంచిన ఇళ్లలో కొన్ని, ఆ ఏడాది రాత్రివేళ ఎవరూ చూడకుండా రేషన్ కిట్టు అందుకున్నాయి. సహాయం పంచే పనిలో తిరిగినవారికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు.

అంత పెద్ద దెబ్బ ఎప్పుడో ఒకసారి తగులుతుంది. చిన్న దెబ్బలు మాత్రం తరచూ తగులుతూనే ఉంటాయి. 2016 నవంబర్ 8న పెద్దనోట్లు రద్దయిన తర్వాత చిల్లర దొరక్క బజార్లు వెలవెలబోయాయి. వానలు లేని ఏడాది పల్లె నుంచి పట్టణానికి వచ్చి కొనేవాళ్లు తగ్గుతారు. గల్ఫ్‌లో ఉద్యోగాలు ఊడితే దాని ప్రభావం కడపలోనూ, నిజామాబాద్‌లోనూ, హైదరాబాద్ పాతబస్తీలోనూ దుకాణాల గల్లాపెట్టెల్లో కనిపిస్తుంది. కారణం ఏదైనా చివరికి జరిగేది ఒకటే. చిన్న దుకాణం ఒకటి మూతపడితే మన లెక్కల్లో ఒక దాత తగ్గుతాడు, సహాయానికి అర్హుడొకడు పెరుగుతాడు.

ఈ సంచిక చదువుతున్న దాతల్లో చాలామంది వ్యాపారస్తులే. మిగిలినవారికి కూడా కష్టంలో ఉన్న దుకాణదారుడు బంధువుగానో, పొరుగువాడిగానో ఉండే ఉంటాడు. మందగమనంలో చిన్న వ్యాపారి తన సరుకును, తన పనిని ఎలా అమ్ముకోవాలి, అతనికి మనం ఎలా తోడుండాలి అన్నదే ఈ వ్యాసం. సులువుగా అర్థం కావడానికి ఒక దర్జీ సోదరుణ్ణి ఉదాహరణగా తీసుకుందాం. ఒక గది దుకాణం, రెండు మిషన్లు, ఒక సహాయకుడు. అంతే.

కొనేవాడు ఎక్కడికి పోయాడు?

బేరాలు తగ్గగానే మన దర్జీకి కలిగే మొదటి ఆలోచన, కొనేవాళ్లు లేరు అని. నిజానికి వాళ్లు ఊరు విడిచి పోలేదు. చేతిలో డబ్బు తగ్గినవాడు మూడు పనులు చేస్తాడు. కొన్ని కొనుగోళ్లు వాయిదా వేస్తాడు. కొన్నిటిని తగ్గిస్తాడు. మిగిలినవాటిని భయం భయంగా, పది దుకాణాలు తిరిగి కొంటాడు.

కొత్త సూటు వాయిదా పడుతుంది. నికాహ్ వాయిదా పడదు, కాకపోతే ఆ ఇంట్లో ఆరు జతలు కుట్టించేవాళ్లు రెండు కుట్టిస్తారు. జూన్‌లో స్కూలు తెరిస్తే యూనిఫాం తప్పదు. పాత బట్టలనే మరో ఏడాది వాడదామనుకున్నవాళ్లకు చిరుగు కుట్టేవాడు, జిప్పు మార్చేవాడు, నడుము వదులు చేసేవాడు కావాలి. అంటే కొత్త పని తగ్గినప్పుడే మరమ్మతు పనికి ఎక్కువ చోటు ఉంటుంది. అయితే మన దర్జీ దుకాణం మీద బోర్డు చూడండి. 'సూట్లు, షేర్వానీలు కుట్టబడును' అని ఉంటుంది. మరమ్మతు మాటే ఉండదు. చిన్న పని చేస్తే పేరు తగ్గుతుందని అతని భయం. మందగమనంలో మొదట మార్చవలసింది ఆ బోర్డును.

కాబట్టి తొలి పని ప్రచారం కాదు. బిల్లు పుస్తకం తెరిచి గత 3 నెలల్లో ఏ పని ఆగింది, ఏది నడుస్తోంది, ఏది పెరిగింది అని ఒక కాగితం మీద రాసుకోవడం. నడుస్తున్నదాన్ని ముందు పెట్టాలి, ఆగినదాన్ని వెనక్కి జరపాలి.

ధర తగ్గించే ముందు లెక్క వేయండి

రెండో తొందరపాటు, '10 శాతం తగ్గింపు' అని కాగితం అతికించడం. ఒక చిన్న లెక్క చూద్దాం. కుర్తా అమ్మకం ధర 500 రూపాయలు. గుడ్డ, కూలి అన్నీ కలిపి ఖర్చు 400. మిగిలేది 100. నెలకు 20 అమ్మితే మిగులు 2,000. ఇప్పుడు 10 శాతం తగ్గించి 450కి ఇస్తే ఒక్కోదాని మీద మిగిలేది 50. అదే 2,000 రావాలంటే 40 కుర్తాలు అమ్మాలి. గిరాకీ పడిపోయిన రోజుల్లో అమ్మకం రెట్టింపు అవుతుందా? ధర పదో వంతే తగ్గింది, లాభం మాత్రం సగమైంది. పైగా రోజులు బాగుపడ్డాక మళ్లీ 500 అంటే, 'మొన్న 450కే ఇచ్చావు కదా' అంటారు.

ధర తగ్గించడానికి బదులు కొనుగోలును చిన్నది చేయవచ్చు. తమిళనాడులోని కడలూరులో సి.కె. రంగనాథన్ 1983లో 15,000 రూపాయల పెట్టుబడితో వ్యాపారం మొదలుపెట్టి చిక్ షాంపూ అమ్మారు. పెద్ద కంపెనీలతో సీసా మీద సీసా పోటీపడే స్తోమత ఆయనకు లేదు. ఒక్కసారికి సరిపడే చిన్న ప్యాకెట్టు మీదే నమ్మకం పెట్టుకున్నారు. ఖాళీ ప్యాకెట్లు తెచ్చిస్తే కొత్త ప్యాకెట్టు ఉచితం అన్నారు. సీసా కొనలేని ఇల్లు ప్యాకెట్టు కొంది. రోజుకూలీతో బతికే ఇంటికి ఎంత ధర అన్నదానికంటే ఈ రోజు చేతిలోంచి ఎంత పోతుందన్నదే ముఖ్యం.

మన చిన్న వ్యాపారులకూ ఇదే దారి. బిర్యానీ పాయింటులో సగం ప్లేటు, కిరాణాలో 100 గ్రాముల పొట్లం, దర్జీ దగ్గర 'గుడ్డ మీరే తెచ్చుకోండి, కుట్టుకూలి మాత్రమే' అనే మాట. అయితే తగ్గించింది ఏమిటో కొనేవాడికి నోటితో చెప్పాలి. చెప్పకుండా తూకం తగ్గించడం, పలుచటి గుడ్డ కలపడం అమ్మకం కాదు, మోసం. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసి, లోపల తడి కనిపిస్తే, దాన్ని అందరికీ కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆ వ్యాపారిని నిలదీసిన సంఘటన మనందరికీ తెలిసినదే. భయపడుతూ కొనేవాడు ఒక్కసారి మోసపోతే మళ్లీ ఆ గడప తొక్కడు. తన పక్కింటివాళ్లనూ తొక్కనివ్వడు.

కొలతల పుస్తకంలో ఉన్న ఆస్తి

కొత్త కస్టమర్ను వెతకడం ఖర్చుతో కూడిన పని. పాత కస్టమర్ను మళ్లీ పిలవడానికి ఒక ఫోన్ చాలు. మన దర్జీ దగ్గర ఉన్న అసలు ఆస్తి మిషన్లు కాదు, కొలతల పుస్తకం. అందులో పేరు, ఫోన్ నెంబరు, ఏ తేదీన ఏం కుట్టించారో అన్నీ ఉన్నాయి. గత ఈద్‌కు పదేళ్ల పిల్లవాడికి కుర్తా పైజామా కుట్టి ఉంటే, ఈపాటికి ఆ పైజామా చీలమండ పైకి పోయి ఉంటుంది. 'భాయ్, బాబు పైజామా పొట్టి అయి ఉంటుంది. లోపల మడత వదిలి కుట్టాను, తెచ్చిస్తే పొడుగు చేసి ఇస్తాను' అని ఒక మాట చెబితే ఆ ఇల్లు అతన్ని మరచిపోదు. ఇచ్చేది కొద్దిపాటి కూలే కావచ్చు. కానీ ఆ ఇంట్లో రేపు నికాహ్ కుదిరితే ముందు గుర్తొచ్చేది అతనే.

వాట్సాప్ బిజినెస్ ఉచితం. తన పని ఫొటోలు, ధరలు అందులో జాబితాగా పెట్టుకోవచ్చు. ఒకే సందేశాన్ని చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ వసతి ఉంది గానీ, మన నెంబరును తమ ఫోన్లో దాచుకున్నవాళ్లకే అది చేరుతుంది. ఇది తెలియక చాలామంది పంపామనుకుని కూర్చుంటారు. బట్టలు ఇచ్చేటప్పుడే 'మా నెంబరు సేవ్ చేసుకోండి' అని అడగాలి. రోజూ శుభోదయం బొమ్మలు పంపితే విసుగు పుట్టి బ్లాక్ చేస్తారు. వారానికి ఒకటి రెండు, అదీ తాను కుట్టినవాటి ఫొటోలు పంపితే చాలు. గూగుల్ మ్యాప్‌లో దుకాణం నమోదు కూడా ఉచితమే. రంజాన్‌లో దుకాణం వేళలు మారినప్పుడు అక్కడా మార్చాలి. తరావీహ్ తర్వాత తెరిచి ఉన్న దుకాణం 'మూసివేశారు' అని కనిపిస్తే వచ్చే బేరం పక్క వీధికి పోతుంది.

ప్రకటన ఏం చెప్పాలి?

ఇలాంటి వార్షిక సంచికల్లో ప్రకటనల పేజీలు ఎలా ఉంటాయో మనకు తెలుసు. పైన 'శుభాకాంక్షలతో', కింద దుకాణం పేరు, యజమాని పేరు, ఫోన్ నెంబరు. సంఘానికి సహాయంగా ఇచ్చినదైతే దాని పుణ్యం దానికి ఉంది. కానీ దానివల్ల వ్యాపారం పెరగాలంటే చదివినవాడికి దుకాణానికి రావడానికి ఒక కారణం దొరకాలి. అదే చోటులో 'పొడుగు, వదులు సవరణలు అదే రోజు. స్త్రీల కొలతలకు మహిళా దర్జీ ఉన్నారు. జామా మస్జిద్ ఎదురు సందు, రెండో దుకాణం' అని రాస్తే ఖర్చు పెరగదు. చదివినవాడికి మాత్రం ఎందుకు రావాలో, ఎక్కడికి రావాలో తెలుస్తుంది.

మాటకంటే కంటికి కనిపించేది ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. చార్మినార్ పక్కన లాడ్ బజారులో లక్క గాజుల పనివాళ్లు కొందరు కొనేవాళ్ల ఎదుటే లక్కను వేడిచేసి, చుట్టి, రాళ్లు ఒక్కొక్కటిగా అద్దుతారు. ఆ పని చూసినవాళ్లు ధర మీద అంతగా బేరమాడలేరు. దర్జీ కూడా మిషన్‌ను లోపలి మూల నుంచి వీధి వైపు జరిపితే చాలు, అతని పనితనమే అతనికి ప్రకటన అవుతుంది.

కరపత్రమా, ఆటోకు కట్టిన మైకా, వాట్సాపా, ఏది పనిచేస్తోంది? దీన్ని తెలుసుకోవడానికి చదువు అక్కరలేదు. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ 'మా సంగతి ఎవరు చెప్పారు?' అని అడిగి పుస్తకంలో ఒక గీత గీసుకోవాలి. నెల తిరిగేసరికి డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆపాలో గీతలే చెబుతాయి. ఖర్చు తగ్గించవలసి వస్తే గీతలు లేనిచోట తగ్గించాలి. అంతా ఒక్కసారే ఆపేసి మౌనంగా కూర్చుంటే దుకాణం ఎత్తేశారనే అనుకుంటారు.

ఒక హెచ్చరిక. గిరాకీ లేదని అరువు మీద అమ్మడం సులువుగా తోస్తుంది. వసూలు కాని అమ్మకం అమ్మకం కాదు, సరుకు పోగొట్టుకోవడమే. ముందుగా ఆర్డరు, దానితో పాటు సగం రొక్కం తీసుకుని ఆ తర్వాత గుడ్డ కొంటే పండుగ సరుకు కోసం అప్పు చేసే బాధ తప్పుతుంది.

దాతలు చేయగలిగింది

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కా వదిలి మదీనాకు వట్టి చేతులతో వచ్చారు. మదీనావాసి హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి) తన సంపదలో సగం ఇస్తానన్నారు. ఆయన సాద్ గారి కోసం దుఆ చేసి, బజారు ఎక్కడుందో చూపమని మాత్రం అడిగారు. నెయ్యి, ఎండు జున్ను అమ్మి మొదలుపెట్టి, తర్వాతి కాలంలో గొప్ప దాతల్లో ఒకరయ్యారు. ఇవ్వజూపిన చేయి గొప్పదే. అడిగినది మాత్రం దారి.

మన దర్జీకి కూడా ముందుగా కావలసింది అదే. ఈద్‌కు పేదలకు బట్టలు పంచే సంఘాలు టోకు బజారు నుంచి రెడీమేడ్ జతలు తెప్పిస్తుంటాయి. అందులో కొంత భాగమైనా గుడ్డ కొని, పని లేక కూర్చున్న పదిమంది దర్జీలకు కుట్టడానికి పంచితే ఒకే రూపాయి రెండిళ్లకు చేరుతుంది. బట్ట అందుకున్న ఇంట్లోనూ పండుగే, కుట్టిన ఇంట్లోనూ పండుగే. ఒక్కో జతకు కొంచెం ఎక్కువ ఖర్చు కావచ్చు. ఆ ఎక్కువ ఖర్చు ఒక కుటుంబాన్ని చేయి చాచకుండా నిలుపుతుంది.

రెండోది, బిల్లు వెంటనే చెల్లించడం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం, ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న తయారీదారుకూ, పనిచేసి ఇచ్చేవాడికీ రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. చట్టం అంతవరకే అడుగుతుంది. పెద్ద వ్యాపారులైన మన సోదరులు తమ దగ్గర పనిచేసిన చిన్నవాళ్ల బాకీలు ఎన్ని పెండింగులో ఉన్నాయో ఒకసారి చూసుకోవాలి. జకాత్ రెండున్నర శాతం లెక్కకట్టి ఇస్తూ, వెల్డరు కూలిని మూడు నెలలు ఆపితే అతని దుకాణం మూతకు మనమూ కారకులమే.

మూడోది, అప్పుల్లో కూరుకుపోయినవారు జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో ఒకరు. దుకాణం పూర్తిగా మూతపడి, మిషన్లు అమ్ముకున్నాక ఇచ్చే సహాయం కంటే, అర్హత ఉందని ఉలమాలను అడిగి తెలుసుకుని ముందే ఇచ్చే సహాయం ఎక్కువకాలం నిలుస్తుంది. జకాత్‌కు అర్హత లేనివారికి వడ్డీలేని ఖర్జె హసన ఉంది. డబ్బు ఇవ్వలేని యువకులు ఒక సాయంత్రం దుకాణంలో కూర్చుని మ్యాప్‌లో నమోదు చేసి, పది మంచి ఫొటోలు తీసి ఇచ్చినా అది సహాయమే.

ఈ సంచిక పక్కన పెట్టే ముందు ప్రకటనల పేజీలు మరోసారి తిరగేయండి. వాటిలో మీ వీధి దుకాణం ఏదైనా ఉందేమో చూడండి. రజబ్, షాబాన్ నెలల్లోనే వెళ్లి ఈద్ బట్టలకు కొలతలు, సగం డబ్బు ఇచ్చి రండి. ఆఖరి పది రోజుల్లో ఇచ్చే ఆర్డరు దర్జీకి నిద్ర లేకుండా చేస్తుంది. రెండు నెలల ముందు ఇచ్చేది అతని దుకాణాన్ని నడిపిస్తుంది.

అల్లాహ్ మన సంపాదనల్లో బరకత్ ప్రసాదించుగాక. ఆమీన్.