నర్సు రాసిన నాలుగు ముక్కలు

మా చిల్పూర్‌లో ఎవరికైనా జబ్బు ముదిరితే ముందు స్టేషన్ ఘన్‌పూర్‌కో జనగామకో తీసుకుపోతారు, అక్కడ కాదంటే వరంగల్ ఎంజీఎంకు. రోగితోపాటు కేసు షీటూ నడవాలి. ఏ మందు ఎన్ని గంటలకు పడింది, బీపీ ఎంత, మూత్రం ఎంత వచ్చింది అన్నవి అందులో రాసేది నర్సే. డెంగీలో జ్వరం దిగాకే అసలు గండం. అప్పుడు సెలైన్ ఎంత ఎక్కించాలో తేల్చడానికి ఈ అంకెలు కావాలి.

హెడ్ నర్సుగా రిటైరైనదాన్ని. ఆ రాత చాలాసార్లు అరకొరగానే ఉంటుంది, ఎందుకో నాకు తెలుసు. బద్ధకం అనేవాళ్లు ఒక రాత్రి వార్డులో ఉండి చూడాలి. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతా ఆస్పత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్క. 2023లో జనగామకు మెడికల్ కాలేజీ వచ్చింది కాబట్టి ఇప్పుడు మనం అడగాల్సింది ముగ్గురికి ఒకరినే. నేను నైట్ డ్యూటీలో ముప్పై మందిని ఒక్కదాన్నే చూసుకున్నాను. ఒకవైపు సెలైన్ అయిపోతుంటే కూర్చుని ఎవరు రాస్తారు? తెల్లవారుజామున, డ్యూటీ మారే ముందు, గుర్తున్నంత రాస్తారు. అందుకే పది గంటల బీపీ, రెండు గంటల బీపీ ఒకేలా కనిపిస్తాయి.

పైగా రాసిందే మళ్లీ రిజిస్టర్లో, రిపోర్టు బుక్కులో రాయాలి. ఇంగ్లిష్‌లో తప్పుపోతే నవ్వుతారని కొత్త పిల్లలు ‘కండిషన్ స్టేబుల్’ అని రాసి సంతకం పెట్టేస్తారు. ఇథియోపియా ఆస్పత్రుల్లో చేసిన పరిశీలనల్లోనూ తీరిక లేకపోవడం, శిక్షణ లేకపోవడం వంటి కారణాలే బయటపడ్డాయి.

వీటన్నిటికన్నా నన్ను బాధపెట్టింది, ఆ రాతను ఎవరూ చదవకపోవడం. ఏదైనా జరగరానిది జరిగితే మాత్రం మొదట లాగేది ఆ షీటునే. ‘రాత్రి రెండింటికి ఆయాసం పెరిగిందని రాశారు, మంచిపని చేశారు సిస్టర్’ అని డాక్టరు రౌండ్లో అన్న వార్డులో, చెప్పకుండానే అందరూ నిండుగా రాయడం నేను చూశాను. హెడ్ నర్సులు బెడ్డు దగ్గరే షీటు చదివి డ్యూటీ అప్పగిస్తే సగం లోపాలు అక్కడే దొరుకుతాయి.

రోగి వెంట వచ్చేవాళ్లకూ ఒక మాట. సిస్టర్ రాసుకుంటుంటే, ప్రాణం మీదికొస్తే తప్ప, రెండు నిమిషాలు ఆగండి. ఇంటికొచ్చేటప్పుడు రికార్డుల నకళ్లు అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనల్లోనే ఉంది.