చుక్కలు కన్న మూలకాలు

తన బరువుకు తానే కూలిపోకుండా నక్షత్రం జీవితాంతం పెనుగులాడుతుంది. మన చుట్టూ ఉన్న మూలకాల్లో చాలావాటికి ఆ పెనుగులాటే పురిటిల్లు.

1868 ఆగస్టు 18. సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్ జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కమ్మేసిన ఆ కొద్ది నిమిషాల్లో, అంచున ఎగసే ఎర్రటి జ్వాలలవైపు వర్ణపటదర్శినిని తిప్పాడు. మెరిసే గీతలు బారులు తీరి కనిపించాయి. ఏ మూలకమైనా వాయువుగా కాగినప్పుడు తనవైన రంగు గీతలే చూపిస్తుంది. అలా జ్వాలల్లో హైడ్రోజన్ ఉందని తేలింది. పసుపుపచ్చ గీతను మాత్రం చాలామంది సోడియందనుకున్నారు. కాదని ఇంగ్లండ్‌లో నార్మన్ లాక్యర్ పట్టుకున్నాడు. ఆ కొత్త మూలకమే హీలియం. 1895లో విలియం రామ్సే ఒక ఖనిజం నుంచి రాబట్టేదాకా దాని చిరునామా సూర్యుడే.

మేఘం కుంగితే...

నక్షత్రానికి ముడిసరుకు హైడ్రోజన్, హీలియం, కాస్త దుమ్ము కలిసిన చల్లటి మేఘం. ఎక్కడైనా చిక్కబడితే సొంత గురుత్వాకర్షణకు లోపలికి కుంగుతుంది. కుంగేకొద్దీ వేడెక్కుతుంది. చలికాలం రాత్రి ఓరియన్ మండలంలో వరసగా మెరిసే మూడు చుక్కల కింద మసక మచ్చలా కనిపించేది, నక్షత్రాలు పుడుతున్న అలాంటి మేఘమే. దూరం సుమారు 1,350 కాంతి సంవత్సరాలు.

నడిగర్భంలో వేడి కోటి డిగ్రీల స్థాయికి చేరాక నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు అంచెలంచెలుగా కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతాయి. తూకంలో 0.7 శాతం తగ్గుతుంది. తగ్గిన ఆ పిసరే శక్తి. సూర్యుడు సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్‌ను ఇలా మారుస్తుంటే, 40 లక్షల టన్నులకు పైగా పదార్థం వెలుగైపోతుంది. ఈ చర్యల వరసను 1939లో హాన్స్ బెథె వివరించాడు. లోపలికి లాగే బరువు, బయటికి నెట్టే ఒత్తిడి సరితూగినంతకాలం చుక్క నిలకడగా ఉంటుంది. సూర్యుడి వయసు 460 కోట్ల ఏళ్లు. ఆ తూకం ఇంకా చెడలేదు.

ఇనుము దగ్గర బ్రేకు

హైడ్రోజన్ నిండుకున్నాక నడిగర్భం మళ్లీ కుంగి, వేడి పది కోట్ల డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు హీలియం నుంచి కార్బన్, ఆక్సిజన్ పుడతాయి. సూర్యుడిలాంటి చుక్కల కథ అంతటితో సరి. భారీ నక్షత్రాల్లో మాత్రం నిన్నటి బూడిదే నేటి ఇంధనం. సూర్యుడికి 25 రెట్లు బరువున్న నక్షత్రానికి హైడ్రోజన్ సుమారు 70 లక్షల ఏళ్లు సరిపోతే, కార్బన్ 600 ఏళ్లకు, సిలికాన్ ఒక్క రోజుకు చెల్లిపోతుంది. మిగిలేది ఇనుము. దాన్ని కలిపితే శక్తి రాదు సరికదా, ఎదురు ఖర్చవుతుంది. ఆసరా పోయిన నడిగర్భం సెకనులోపే కూలుతుంది. పై పొరలు సూపర్‌నోవాగా పేలి మూలకాలను వెదజల్లుతాయి. బంగారానికి మరో దారి ఉంది. అలా కూలిన నడిగర్భాలు మిగిల్చే న్యూట్రాన్ నక్షత్రాలు రెండు ఢీకొంటే అలాంటి భారీ మూలకాలు పుడతాయి. 2017 ఆగస్టు 17న ఆ ఢీని గురుత్వ తరంగాలు పట్టిచ్చాయి.

ఇదంతా కాగితం మీది లెక్కేనా? 1952లో పాల్ మెరిల్ కొన్ని ఎర్ర నక్షత్రాల కాంతిలో టెక్నీషియం గీతలు చూశాడు. ఈ రేడియోధార్మిక మూలకం అర్ధాయువు మహా అయితే 42 లక్షల ఏళ్లు. ఆ నక్షత్రాల వయసు అంతకు ఎన్నో రెట్లు. పుట్టుకతో వచ్చిందైతే ఎప్పుడో హరించుకుపోయేది. అంటే చుక్క దాన్ని ఈమధ్యే సొంతంగా తయారుచేసుకుంది.

ఆరుద్ర వంతు

కార్తెల లెక్కలో మనకు తెలిసిన ఆరుద్ర, అంటే బెటెల్‌గ్యూస్, ఇప్పుడు ఉబ్బి ఎర్రబారి చివరి దశల్లో ఉంది. 2019 చివర్లో అది మసకబారితే పేలుతుందేమోనని చర్చ రేగింది. అది వదిలిన దుమ్మే అడ్డుపడిందని తర్వాత తేలింది. లక్ష ఏళ్లలోపు పేలుతుందని అంచనా. పేలితే పట్టపగలే కనిపిస్తుంది. ఆరుద్ర కార్తెలో మాత్రం వెతక్కండి, అప్పుడది సూర్యుడి దిక్కునే ఉంటుంది. సంక్రాంతి రాత్రి ఎనిమిదింటికి తూర్పున చూడండి.