ఖరీదైన సెడాన్ కారు: సత్తువను, సౌఖ్యాన్ని పరీక్షించుకోవడం ఎలా?

హిందూపురం, మడకశిర, కుప్పం, బాగేపల్లి ప్రాంతాల ప్రజలకు బెంగళూరు పరాయి ఊరు కాదు. చదువు, ఉద్యోగం, వ్యాపారం, వైద్యం అన్నింటికీ మనం ఆ నగరం వైపే చూస్తాము. పిల్లలు అక్కడ మంచి ఉద్యోగాలలో స్థిరపడడం వల్లనో, భూముల ధరలు పెరగడం వల్లనో, ఒకప్పుడు సినిమాలలో మాత్రమే చూసిన పెద్ద కార్లు నేడు మన రచ్చబండల ముందు కూడా ఆగుతున్నాయి. అయితే భూమి అమ్మిన సొమ్ము కారుగా మారితే, అది తిరిగి భూమిగా మారదు. కారు విలువ ఏటేటా తరుగుతూనే ఉంటుంది. కనుక అంత సొమ్ము చెల్లించే ముందు దాని పనితనాన్ని, సౌఖ్యాన్ని పరీక్షించే పద్ధతి ప్రతి కుటుంబానికీ తెలిసి ఉండాలి.

డిక్కీ విడిగా ఉండే కారును సెడాన్ అంటారు. మధ్యస్థాయి విలాస సెడాన్లలో మనకు సమీపంలోనే తయారయ్యేది టయోటా క్యామ్రీ. బెంగళూరు–మైసూరు మార్గంలోని బిడదిలో టయోటా కిర్లోస్కర్ కర్మాగారం ఉంది. 2013 నుంచి అక్కడ హైబ్రిడ్ క్యామ్రీని కూర్చి అమ్ముతున్నారు. డిసెంబరు 2024లో విడుదలైన కొత్త మోడల్ ఎక్స్‌షోరూం ధర అప్పట్లో 48 లక్షల రూపాయలు. రోడ్డు టాక్సు, బీమా దీనికి అదనం. ఈ కారును ఇక్కడ ఉదాహరణగా మాత్రమే తీసుకుంటున్నాము. పరీక్షా పద్ధతి ఏ కారుకైనా ఒక్కటే.

సత్తువ అంటే ఏమిటి?

కారు శక్తిని తెలిపే మాటలు ముఖ్యంగా రెండు. మొదటిది టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. బురదలో దిగబడిన బండిని ఎద్దులు ఒక్క ఊపుతో బయటికి లాగడం వంటిది. రెండవది పవర్, అంటే ఆ లాగుడును వేగంగా, ఎడతెగకుండా సాగించే సామర్థ్యం. దీనిని హార్స్‌పవర్‌లలో గాని, దానికి దాదాపు సమానమైన పీఎస్‌లలో గాని కొలుస్తారు. కొత్త క్యామ్రీలో 2.5 లీటర్ల పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు కలిసి 230 పీఎస్ శక్తినిస్తాయి.

విద్యుత్ మోటారుకు ఒక ప్రత్యేకత ఉంది. పెట్రోలు ఇంజను కొంత వేగం అందుకున్న తరువాతనే పూర్తి బలం చూపుతుంది. మోటారు మాత్రం నిలిచిన చోటు నుంచే లాగుతుంది. అందుచేత హెబ్బాళ వంటి చోట్ల ఆగుతూ కదులుతూ సాగే రద్దీలో హైబ్రిడ్ కారు కుదుపు లేకుండా ముందుకు పోతుంది. బ్రేకు వేసినప్పుడు అదే మోటారు సైకిలు డైనమో వలె కరెంటును పుట్టించి బ్యాటరీని నింపుతుంది.

ఖాళీ రోడ్డుపై కారును గరిష్ఠ వేగంతో తోలి చూడడం పరీక్ష అనిపించుకోదు. ఇంటిల్లిపాదీ కూర్చుని, ఏసీ వేసుకుని, 60 నుంచి 90 కి.మీ. వేగం అందుకుంటూ ముందున్న లారీని ఎంత నిబ్బరంగా దాటగలదో చూడాలి. 44వ నంబరు జాతీయ రహదారిపై బాగేపల్లి వైపు ప్రయాణించే వారికి నిత్యం అవసరమయ్యే సత్తువ ఇదే. బ్రేకు పట్టును, నంది కొండ వంటి ఎత్తు మార్గంలో మలుపులు తిరిగే తీరును కూడా గమనించాలి.

మైలేజీ లెక్క

ఈ కారు లీటరుకు 25.49 కి.మీ. ఇస్తుందని ధ్రువీకరణ ఉంది. అది నిర్ణీత పరిస్థితులలో చేసిన పరీక్షా ఫలితం. మన రోడ్డుపై ఎంత వస్తుందో తెలియాలంటే ట్యాంకును పూర్తిగా నింపి, కనీసం 300 కి.మీ. తిరిగి, మళ్ళీ పూర్తిగా నింపాలి. తిరిగిన కిలోమీటర్లను రెండవసారి పట్టిన లీటర్లతో భాగిస్తే నిజమైన మైలేజీ తేలుతుంది. ఊరికే బ్రేకు పడని రహదారి ప్రయాణంలో కంటే నగరపు రద్దీలోనే హైబ్రిడ్ లాభం స్పష్టంగా కనిపిస్తుంది. అందుచేత మీ ప్రయాణాలలో ఏది ఎక్కువో ముందుగా లెక్క వేసుకోండి.

సౌఖ్యాన్ని వెనుక సీటులో చూడాలి

సాధారణంగా టెస్ట్ డ్రైవుకు వెళ్ళేది కొడుకు, స్టీరింగు పట్టేదీ అతడే. కానీ ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు వెనుక కూర్చునేది అతని తల్లి. కాబట్టి ఆమెను కూడా షోరూంకు తీసుకువెళ్ళాలి. సెడాన్ సీటు నేలకు దగ్గరగా ఉంటుంది. దీనివల్ల మలుపులలో కారు తక్కువగా ఒరుగుతుంది. అయితే మోకాళ్ళ నొప్పులున్న వారికి దిగడం, లేవడం కష్టం కావచ్చు. ఎవరి సాయమూ లేకుండా ఆమె మూడుసార్లు ఎక్కి దిగగలిగితే ఆ సీటు ఎత్తు సరిపోయినట్లే.

తరువాత ఆమెకు బెల్టు పెట్టి అరగంట సేపు తిప్పాలి. తొడలకు సీటు పూర్తిగా ఆనుతున్నదా, నడుముకు ఊతం దొరుకుతున్నదా, 80 కి.మీ. వేగంలో గొంతు పెంచకుండా మాట్లాడుకోగలుగుతున్నారా అని చూడండి. గుంత దాటిన తరువాత కారు ఒక్కసారి ఊగి నిలబడాలి. రెండు మూడుసార్లు ఊగితే పిల్లలకు వాంతులు తప్పవు.

టైరు గోడ, కారు కడుపు

టైరుపై ఉండే అంకెలను చదవడం నేర్చుకుంటే సౌఖ్యం సగం అర్థమవుతుంది. క్యామ్రీ టైరు కొలత 235/45 ఆర్18. అంటే టైరు వెడల్పు 235 మి.మీ., అందులో 45 శాతం, అనగా సుమారు 106 మి.మీ., టైరు గోడ ఎత్తు. చిన్న కార్లకు వాడే 165/80 ఆర్14 టైరులో ఆ ఎత్తు 132 మి.మీ. గోడ పొట్టిదైన కొద్దీ మలుపులలో పట్టు పెరుగుతుంది గాని, గుంతలలో దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. రాళ్ళు తేలిన దారిలో ఇల్లున్నవారు దీనిని మరువరాదు.

క్యామ్రీ ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2,825 మి.మీ. ఈ దూరం ఎక్కువైతే లోపల కాళ్ళకు చోటు, రోడ్డుపై నిలకడ రెండూ పెరుగుతాయి. కానీ స్పీడ్ బ్రేకర్ దగ్గర ఇదే చిక్కు అవుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచించిన స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో గుండ్రంగా ఉంటుంది. అటువంటిదానిని కారు నెమ్మదిగా ఎక్కి దిగుతుంది. మన ఊళ్ళలో మనమే పోసుకున్న ఇరుకైన సిమెంటు దిమ్మెపై మాత్రం ముందు చక్రాలు దిగి, వెనుక చక్రాలు ఇంకా ఎక్కకముందే కారు కడుపు రాసుకుంటుంది. ఐదుగురు కూర్చుని డిక్కీ నిండితే స్ప్రింగులు అణగి కారు మరింత కిందికి దిగుతుంది. కనుక నిండు బరువుతోనే పరీక్షించాలి. షోరూం వారు అంత దూరం పంపరు. అదే మోడల్‌ను ఒక రోజు అద్దెకు తీసుకుని దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు మీదుగా మీ ఇంటి గుమ్మం వరకు వచ్చి చూడడం ఉత్తమం. లక్షల ఖర్చు ముందు ఆ అద్దె స్వల్పం.

పాత కారు కొనేవారికి

బెంగళూరులో వాడిన విలాస కార్లు కొత్తవాటి ధరలో చిన్న భాగానికే లభిస్తాయి. కానీ విడిభాగాల ధర మాత్రం కొత్త కారుకు తగినట్లే ఉంటుంది. హైబ్రిడ్ అయితే బ్యాటరీ స్థితిని తప్పక పరీక్ష చేయించాలి. 2021లో కంపెనీ ఈ బ్యాటరీ వారంటీని 8 సంవత్సరాలు లేదా 1,60,000 కి.మీ.కు పెంచింది. మీరు చూస్తున్న కారుకు అందులో ఎంత మిగిలిందో రాతపూర్వకంగా తెలుసుకోండి. కర్ణాటక నంబరు కారును ఆంధ్రలో 12 నెలలకు మించి ఉంచితే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇక్కడ తిరిగి రిజిస్టరు చేయించాలి. అందుకు అక్కడి రవాణా కార్యాలయపు నిరభ్యంతర పత్రం అవసరం. ఆ ఖర్చును కూడా ధరలో కలిపి చూడాలి.

కారు గొప్పతనాన్ని కరపత్రంలోని అంకెలు కొంతవరకే తెలుపుతాయి. మీ మనుషులు, మీ సామాను, మీ దారి, ఈ మూడింటితో కలిపి తూచిన తరువాతనే అడ్వాన్సు చెల్లించండి. ఆ తూకంలో చిన్న కారే నెగ్గితే దానిని ఎంచుకోవడానికి సంకోచించనవసరం లేదు. మిగిలిన సొమ్ము పిల్లల చదువుకో, పొలానికో ఉపయోగపడుతుంది.